స్కూపు పొడిలో కండ ఎంత?

కొండపల్లిలో జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు చాలామందే ఉంటారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనికి వెళ్లేవాళ్లు, పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసేవాళ్లు, లారీ షెడ్లలో మెకానిక్కులు, వాళ్లతోపాటు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. చేరిన కొద్ది రోజులకే ట్రైనర్‌ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఏ ప్రొటీన్ వాడాలి?" రోజూ ఏం తింటున్నావురా అని ఆ అన్న తిరిగి అడగడం తక్కువ. బెజవాడ వెళ్లి ఓ పెద్ద డబ్బా తెచ్చుకుంటారు. రెండు మూడు వేలు అయిపోతాయి. దానికి తోడు మల్టీవిటమిన్ బిళ్ళలు, ఇంకో చిన్న డబ్బాలో క్రియాటిన్, ఇంకో దాంట్లో "ప్రీ వర్కవుట్". ఇంట్లో అమ్మానాన్నలకు అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. "ఆ పొడులు తాగితే కిడ్నీలు పోతాయిరా" అని కేకలేస్తారు. కొడుకు నమ్మకంలో సగమే నిజం, తల్లి భయంలోనూ సగమే నిజం. ఏ సగం నిజమో తేలాలంటే ఒక్కో డబ్బానూ విడిగా చూడాలి.

ముందు కండ సంగతి. బరువు ఎత్తినప్పుడు కండరపు పోగుల మీద లాగుడు పడుతుంది. ఆ లాగుడే కణంలో కొత్త ప్రొటీన్ తయారీకి పిలుపు. ఆ తర్వాత ఒక రోజు, రోజున్నర పాటు కండరం తన గోడలు తానే విప్పుకుంటూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. విప్పేదానికన్నా కట్టేది కాస్త ఎక్కువగా ఉంటే నెలల మీద కండ పెరుగుతుంది. అలా కట్టడానికి అమైనో ఆమ్లాలు కావాలి, అవి మనం తినే ప్రొటీన్ నుంచి వస్తాయి. బరువు ఎత్తకుండా ప్రొటీన్ ఒక్కటే ఎంత తిన్నా పిలుపు ఉండదు. మిగిలిన ప్రొటీన్‌లోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. మిగతా భాగం ఇంధనంగా కాలిపోతుంది, లేదా కొవ్వుగా చేరుతుంది.

ఎంత ప్రొటీన్ చాలు? మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. 65 కిలోల కుర్రాడికి అది 54 గ్రాములు. బరువులు ఎత్తేవాడికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చూపించే అధ్యయనం 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. 49 పరిశోధనల ఫలితాలను, 1,863 మంది సమాచారాన్ని ఒకచోట చేర్చి చూశారు. రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ పెంచుతూ పోతే కండ పెరుగుదలలో తేడా కనిపించింది, ఆపైన సగటున తేడా ఆగిపోయింది. ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది, దాని గురించి షాపుల్లో ఎవరూ చెప్పరు. ప్రొటీన్ సప్లిమెంట్ తీసుకున్నవాళ్లకు, తీసుకోనివాళ్లకు మధ్య కొవ్వు కాని శరీర బరువులో వచ్చిన తేడా సగటున 300 గ్రాములు. అంటే ఆ పెరుగుదలలో సింహభాగం ఎత్తిన బరువుదే. పొడి ఇచ్చింది కొసరు.

65 కిలోల కుర్రాడికి 1.6 చొప్పున 104 గ్రాములు అవుతుంది. ఈ అంకె వినగానే డబ్బా లేకుండా అవుతుందా అని గుండె జారుతుంది. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఆ బెంగ అక్కర్లేదు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, హనుమాన్ జంక్షన్ చుట్టూ కోళ్ల ఫారాలే. కైకలూరు చెరువుల నుంచి శీలావతి, బొచ్చె లారీల్లో ఉత్తరాదికి, ఈశాన్యానికి పోతుంటే, వాటి దారిలో ఉన్నవాడు అమెరికా పొడి కోసం అప్పు చేయడం నాకు బాధగా ఉంటుంది. లెక్క చూడండి. పొద్దున 60 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లు, 14 గ్రాములు. రోజు మొత్తానికి నాలుగు గుడ్లు, 26. మధ్యాహ్నం, రాత్రి కలిపి 300 గ్రాముల బియ్యం వండితే ఆ అన్నంలోనే 24 దాకా ఉంటుంది. అన్నంలో ప్రొటీన్ లేదనుకోవడం పొరపాటు. 60 గ్రాముల కందిపప్పు, 13. కూరకు 150 గ్రాముల చేప, 28. పాలు, పెరుగు కలిపి అర లీటరు, 16. మొత్తం 121. స్కూపు ముట్టకుండానే 104 దాటింది.

చేప, గుడ్డు ముట్టని ఇళ్లలో లెక్క కొంచెం బిగుసుకుంటుంది కానీ తెగిపోదు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో మెథియొనిన్ తక్కువ, ఆ లోటు బియ్యం తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పెసరట్టు ఉప్మా ఈ కూడికకు దగ్గరి ఉదాహరణలు. కాకపోతే మన ఇళ్లలో కంచంలో అన్నం గుట్టగా, పప్పు గరిటెడుగా ఉంటుంది. ఆ కొలత మార్చి, పాలూ పెరుగూ, పుట్నాలూ వేరుసెనగ పప్పూ కాస్త పెంచుకుంటే శాకాహారి కూడా 90, 100 గ్రాములు చేరగలడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ కట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న రోజుల్లో ఈ డబ్బాలు ఏవీ లేవు. ఆయన శాకాహారి అని చెబుతారు.

మరి పొడి దండగేనా? కాదు. వే ప్రొటీన్ అంటే మందు కాదు, పాలు. ఇంట్లో పన్నీరు చేసేటప్పుడు పాలు విరిగి ముద్ద ఒకవైపు, తేటనీళ్లు ఒకవైపు అవుతాయి. చీజ్ తయారీలో మిగిలే అలాంటి తేటలో పాల ప్రొటీన్‌లో సుమారు ఐదో వంతు ఉంటుంది. ఒకప్పుడు చీజ్ ఫ్యాక్టరీలు దాన్ని పారబోసేవి, పందులకు పెట్టేవి. ఇప్పుడు సన్నటి జల్లెడ పొరల గుండా పంపి చక్కెరనూ నీళ్లనూ తీసేసి, వేడిగాలిలో చిమ్మి పొడి చేస్తున్నారు. 80 శాతం ప్రొటీన్ ఉంటే కాన్సన్‌ట్రేట్, 90 దాకా ఉంటే ఐసొలేట్. పాలు పడనివాళ్లకు ఐసొలేట్ కొంత నయం, అందులో లాక్టోజ్ దాదాపు ఉండదు. వే త్వరగా అరుగుతుంది, కండ తయారీని మేల్కొలిపే లూసిన్ అందులో ఎక్కువ. రాత్రి షిఫ్టు దిగి, వండుకునే ఓపిక లేక పడుకునేవాడికి 30 గ్రాముల పొడిలో 24 గ్రాముల ప్రొటీన్ నిజంగా అక్కరకొస్తుంది. అదే 24 గ్రాములు నాలుగు గుడ్లలోనూ ఉందని, వాటి ఖరీదు స్కూపు ఖరీదులో సగం కూడా కాదని తెలిసి కొంటే తప్పు లేదు. వ్యాయామం అయిన అరగంటలోపే తాగాలన్న తొందర కూడా అక్కర్లేదు. రోజు మొత్తం మీద మూడు నాలుగు పూటలకు పంచుకుంటే చాలు.

మాస్ గెయినర్ సంగతి వేరు. చాలా డబ్బాల్లో మూడొంతులు మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి చక్కెర, మిగతా కొంచెమే ప్రొటీన్. బక్కగా ఉన్న పిల్లాడు బరువు పెరుగుతాడు, అందులో చాలావరకు పొట్ట. బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పొడి సంగతీ అంతంతే: కండ కట్టడానికి తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలు కావాలి, అందులో మూడింటినే డబ్బాలో వేసి అమ్ముతున్నారు. తిండిలో ప్రొటీన్ సరిగ్గా ఉన్నవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు లేబుల్ దగ్గరికి రండి, అసలు చిక్కు ఇక్కడే ఉంది. డబ్బా మీద "ఒక స్కూపులో 24 గ్రాములు" అని ఉంటుంది. ఆ 24ను ఎలా కొలుస్తారు? డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ 1883లో కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరగబెడతారు. అందులోని నత్రజని అంతా అమ్మోనియం లవణంగా మారుతుంది. క్షారం కలిపి ఆవిరి పట్టి, వచ్చిన అమ్మోనియాను కొలుస్తారు. దాన్ని 6.25తో గుణిస్తే ప్రొటీన్ అంకె వస్తుంది. పాల ప్రొటీన్ అయితే 6.38. ఈ పద్ధతి నిజానికి కొలిచేది ప్రొటీన్‌ను కాదు, నత్రజనిని. నత్రజని ఉన్న చవక సరుకు ఏది కలిపినా అంకె పెరుగుతుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే రసాయనం కలిపింది ఈ లొసుగును వాడుకునే. లక్షల మంది పిల్లల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. జిమ్ పొడుల్లో అంత ఘోరం కాకపోయినా గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపి అంకె పెంచడం ప్రపంచమంతా తెలిసిన మోసమే.

మన మార్కెట్ సంగతి 2024 ఏప్రిల్‌లో మెడిసిన్ అనే పత్రికలో వచ్చింది. కొచ్చిలో పనిచేసే కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్, ఆయన బృందం భారత్‌లో దొరికే 36 ప్రొటీన్ పొడులను ప్రయోగశాలలో పరీక్షించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రొటీన్ వివరాలు సరిగ్గా లేవు. కొన్నింట్లో చెప్పినదాంట్లో సగమే ఉంది. సుమారు 14 శాతంలో బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం, 8 శాతంలో పురుగుమందుల జాడ కనిపించాయి. అఫ్లటాక్సిన్ కాలేయ కేన్సర్ కారకం. సీసం లాంటి భారలోహాలు, మూలికల సారాలు కలిపిన పొడులూ బయటపడ్డాయి. తల్లి భయం పడాల్సింది ఇక్కడ, పాల ప్రొటీన్ దగ్గర కాదు.

ఆ మరుసటి నెలలోనే, 2024 మేలో, తార్నాక సంస్థ భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. ఒళ్లు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని అందులో చెప్పింది. వాటిలో కలిపే చక్కెరలు, తీపి రసాయనాలు, రుచి రసాయనాల గురించి హెచ్చరించింది. ప్రొటీన్ మరీ ఎక్కువైతే మూత్రపిండాలకు, ఎముకలకు ముప్పనీ అంది. ఈ సలహా నూట నలభై కోట్ల మందికి ఇచ్చినది, వాళ్లలో బరువులు ఎత్తేవాళ్లు గుప్పెడు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు కిలోకు 1.6, 2 గ్రాముల దాకా ప్రొటీన్ హాని చేసినట్టు వ్యాయామ పరిశోధనల్లో తేలలేదు, ఎముకల భయానికీ అక్కడ బలం దొరకలేదు. ఆ రెండు మాటల దగ్గర సంస్థ కాస్త ఎక్కువ జాగ్రత్త పడిందని నా అభిప్రాయం. కానీ తిండితోనే సరిపెట్టుకోమన్న దాని అసలు మాటకు, మన మార్కెట్లో దొరికే సరుకును చూశాక, ఎదురు చెప్పలేను.

విటమిన్ బిళ్ళల గురించి చెప్పేది తక్కువే. లోటు ఉన్నవాడికి విటమిన్ ప్రాణం పోస్తుంది, లోటు లేనివాడికి మేలేమీ చేయదు. పన్నీరు తేటకు ఆ లేత ఆకుపచ్చ, పసుపు రంగు ఇచ్చేది రైబోఫ్లేవిన్, అంటే బి2. బి కాంప్లెక్స్ బిళ్ళ వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపుగా రావడానికీ అదే కారణం. ఒంటికి అక్కర్లేనిది అలా బయటికి పోతోంది. నీటిలో కరిగే విటమిన్లలో కూడా బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, నరాలు దెబ్బతింటాయి. కొవ్వులో కరిగే ఎ, డి అలా బయటికి పోవు, పేరుకుంటాయి. డి తక్కువ ఉందని డాక్టర్ వారానికొకటి చొప్పున కొద్ది వారాలకు రాసే 60,000 యూనిట్ల డోసును రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మూత్రపిండాల్లో రాళ్లు, ఒక్కోసారి మూత్రపిండాలే ఆగిపోయే పరిస్థితి.

జిమ్ కుర్రాడు తెలుసుకోవలసిన ఇంకో ఫలితం 2009లో జర్మనీ నుంచి వచ్చింది. నాలుగు వారాల వ్యాయామం చేయించి, కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. బిళ్ళలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. వేసుకున్నవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. వ్యాయామంలో పుట్టే ఆక్సీకరణ ఒత్తిడి కూడా శరీరానికి ఒక సంకేతమే, మోతాదు మించిన విటమిన్ ఆ సంకేతాన్ని నొక్కేసింది. ఒక ఉసిరికాయ, ఒక జామకాయ తింటే అలాంటి గొడవ లేదు. బి12 లోటు మాత్రం శాకాహారుల్లో నిజంగానే ఉంటుంది. రక్తపరీక్షలో లోటు తేలితే ఆ ఒక్కటీ వేసుకోవాలి, ఇరవై కలిపిన బిళ్ళ అక్కర్లేదు.

విటమిన్లకూ కండకూ మధ్య మన తెలుగువాడొకడు నిలబడి ఉన్నాడు. జిమ్‌లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఉండాలని నా కోరిక. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవాళ్లు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత బోస్టన్ చేరారు. పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట పని చేస్తూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి 1925లో శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి తెచ్చారు. ద్రవానికి ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, దాని మీద ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతిని కండరపు రసం మీద పెట్టారు. నీలం రావాల్సిన వేగంతో రాలేదు, నెమ్మది నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. మామూలుగా అయితే పరికరం తప్పనో, రసాయనం పాతబడిందనో వదిలేస్తారు. వీళ్లు వదల్లేదు. కండరంలో ఏదో నిలకడలేని పదార్థం ఉంది, అది ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతోంది, అందుకే ఆలస్యం అని పట్టుకున్నారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కండరాన్ని పనిచేయిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ కూడుతుంది. కండరం శక్తి అంతా లాక్టిక్ ఆమ్లం దగ్గరే పుడుతుందని నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతం రాజ్యమేలుతున్న రోజులవి. దానికి తొలి పగులు పెట్టిన పనుల్లో ఇదొకటి. 1929లో కణాలు శక్తికి ఖర్చు పెట్టే ఏటీపీ అనే అణువునూ ఫిస్క్, సుబ్బారావు కలిసి, మిగతావాళ్లతో సంబంధం లేకుండా కనుగొన్నారు. ఆ తర్వాత ఆయన లెడర్లీ కంపెనీలో నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూకు అది మందు. ఈరోజు గర్భిణులు వేసుకునే బిళ్ళలో ఉన్నది అదే.

బార్‌బెల్ పైకి తోసే ఆ ఏడెనిమిది సెకన్లలో కండరం ఖర్చు పెట్టేది ఏటీపీ. కండరంలో దాని నిల్వ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. అయిపోతున్న ఏటీపీని అప్పటికప్పుడు తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. 70 కిలోల మనిషిలో మొత్తం క్రియాటిన్ సుమారు 120 గ్రాములు, దాదాపు అంతా కండరాల్లోనే. రోజుకు ఒకటి రెండు గ్రాములు పోతుంది. సగం శరీరం తయారు చేసుకుంటుంది, సగం మాంసం, చేపల నుంచి వస్తుంది. 1992లో రోజర్ హారిస్ బృందం క్రియాటిన్ మింగితే కండరంలో నిల్వ పెరుగుతుందని చూపించింది. అప్పటినుంచి జరిగిన వందల పరిశోధనల్లో నిలబడిన సప్లిమెంట్ ఏదైనా ఉందంటే ఇదే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. చివరి ఒకటి రెండు రెప్స్ ఎక్కువ వస్తాయి, ఆ ఎక్కువ పనే నెలల మీద కండగా మారుతుంది. మొదట్లో కండరంలోకి నీరు చేరి కిలో, కిలోన్నర బరువు పెరుగుతుంది; అది చూసి సంబరపడనక్కర్లేదు, భయపడనక్కర్లేదు. చేప తినని శాకాహారుల్లో నిల్వ తక్కువగా ఉంటుంది కనుక ప్రయోజనం ఎక్కువ. మామూలు మోనోహైడ్రేట్ చాలు, ఖరీదైన రకాలు దానికన్నా మేలని తేలలేదు.

డబ్బాల వరుసలో చివరిది అన్నిటికన్నా ప్రమాదకరం. "ఫ్యాట్ బర్నర్", "టెస్టో బూస్టర్", పేరు లేని బిళ్ళలు. 2013లో అమెరికాలో ఒక ఫ్యాట్ బర్నర్ వాడిన పదుల మందికి, ముఖ్యంగా హవాయిలో, కాలేయం దెబ్బతింది. కొందరికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది, ఒకరి ప్రాణమూ పోయింది. అందులో అనుమానం పడిన పదార్థం ఏజిలిన్. మన శివాలయాల్లో పూజకు వాడే మారేడు ఆకుల్లో ఉండేదే. చెట్టు నుంచి వచ్చింది కదా అని సీసాలో గాఢంగా నింపి మింగితే కాలేయం ఆకు వేరు, బిళ్ళ వేరు అని చూస్తుంది. ఇక హైదరాబాద్ జిమ్‌ల చుట్టూ మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు అమ్ముతుంటే ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకుంటూనే ఉన్నారు. ఆపరేషన్ టేబుల్ మీద రక్తపోటు పడిపోయినవాడికి మత్తు డాక్టర్ ఇచ్చే మందు అది. జిమ్‌లో ఎక్కించుకుంటే గుండె అదుపు తప్పుతుంది. స్టెరాయిడ్లతో కండ నిజంగానే పెరుగుతుంది, అందుకే వాటి మాయ. "ఒక సైకిల్ వేయి తమ్ముడూ" అని కొన్ని వారాల స్టెరాయిడ్ కోర్సు అంటగట్టే మనిషి చెప్పనిది, బయటినుంచి హార్మోన్ వచ్చేసరికి సొంత వృషణాలు పని మానేస్తాయని, వీర్యకణాలు పడిపోతాయని, గుండె గోడలు మందమవుతాయని. పిల్లలు కలగడం లేదని ఆస్పత్రుల చుట్టూ తిరిగే కొత్త పెళ్లికొడుకుల్లో ఈ పాత సైకిళ్లవాళ్లు ఉంటున్నారు.

కిడ్నీల దగ్గర అమ్మ మాటను కొట్టేయడానికి లేదు. కొండపల్లి ఉన్న ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాలు ఏళ్లుగా మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నాయి. ఈ జబ్బు చాలా దూరం వచ్చేదాకా నొప్పి తెలియదు, ఒంట్లో బలం తగ్గినట్టు కూడా అనిపించదు. షుగరూ బీపీ ముప్పై ఏళ్లకే మొదలవుతున్న రోజులు. ఆరోగ్యవంతుడికి హాని చేయని ప్రొటీన్ మోతాదు, అప్పటికే సగం దెబ్బతిన్న మూత్రపిండానికి భారమవుతుంది. అందుకే డబ్బా కొనేముందు బీపీ, షుగర్, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోవాలి. డబ్బా ఖరీదుతో పోలిస్తే ఆ పరీక్షల ఖర్చు ఎంతో తక్కువ. పొడి కొంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్నవే కొనాలి, విడిగా తూచి ఇచ్చేవి, సీలు తెరిచినవి వద్దు. క్రియాటిన్ వాడేవాళ్లు ఒక మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఒంట్లో క్రియాటిన్ విరిగితే వచ్చేదే క్రియాటినిన్. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ మింగినా రిపోర్టులో ఆ అంకె కాస్త పెరుగుతుంది, మూత్రపిండం బాగానే ఉన్నా సరే. అలాంటప్పుడు కండతో సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది.